చెరకు వెళ్లిపోయిన తీరం: అల్మున్యేకర్‌లో నాన్నతో ఐదు రోజులు

మొదటి రోజు

దక్షిణ స్పెయిన్‌లోని మాలగా విమానాశ్రయం దగ్గర బస్సెక్కింది మొదలు నాన్న కిటికీ వదల్లేదు. కుడివైపు మధ్యధరా సముద్రం, ఎడమవైపు కొండలు. తూర్పుకి పోయేకొద్దీ కొండలు నీళ్ల మీదికి ఒరిగినట్టు దగ్గరికొచ్చేశాయి. వాలు పొడవునా మెట్లు మెట్లుగా తోటలు. నవంబరు ఆఖరు వారం. పొద్దున్న మేం బయల్దేరేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో జనం కారు అద్దాల మీద మంచు గీకుతున్నారు. ఇక్కడ నాన్న స్వెట్టర్ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఒక వాగు మీద వంతెన దాటుతుంటే ఒడ్డున మనిషికి రెండింతల ఎత్తున పచ్చగా ఏదో దట్టంగా కనబడింది. "నాన్నా, చెరకు!" అని అరిచాను. నాన్న తల కూడా తిప్పకుండా, "చెరకు కాదమ్మా. ఆకు చూడు. కింద నుంచి పై దాకా నిచ్చెన మెట్లలాగ ఉంది. చెరక్కి మొవ్వంతా పైన ఉంటాది. ఇది రెల్లు జాతి" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మాది చోడవరం దగ్గర పల్లె. తాత నాటి నుంచీ మూడెకరాల్లోనూ చెరకే. మా చదువులు, అక్క పెళ్లి, ఇంటి శ్లాబు, అన్నీ బెల్లం దిమ్మల మీదే నడిచాయి. ఐదేళ్ల కిందట, కోత కూలి గిట్టుబాటు కాక, తోలిన చెరక్కి డబ్బులు ఎప్పుడొస్తాయో తెలీక, నాన్న ఆ మూడెకరాలూ సరుగుడు పెట్టేశాడు. దాని గురించి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. అమ్మ మనవడి పరీక్షల కోసం విశాఖలోనే ఉండిపోయింది. ఒక్కడే నా దగ్గరికొచ్చాడు. ఏం చూస్తావు నాన్నా అంటే పారిస్ వద్దన్నాడు, రోమ్ వద్దన్నాడు. "పంటలున్న చోటికి తీసుకెళ్లు" అన్నాడు. ఐరోపాలో చెరకు పండిన నేల ఎక్కడని వెతికితే ఈ తీరం దొరికింది.

గ్రనాదా జిల్లాకున్న ఈ కాస్త సముద్రతీరాన్ని కోస్తా ట్రోపికల్ అంటారు. అల్మున్యేకర్ మన శ్రీనగర్ కన్నా ఉత్తరాన ఉంది. అయినా ఇక్కడ మామిడి కాస్తుంది. వెనకనున్న కొండలే కారణం. సియెర్రా నెవాదాలో ముల్‌హసేన్ శిఖరం దాదాపు 3,480 మీటర్లు. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి ఆ గోడకి తగిలి ఆగిపోతుంది, కింద సముద్రం చలికాలమంతా వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి చెట్టుని చంపేసే మంచు ఇక్కడికి దిగదు.

సాయంత్రం ఒడ్డుకి నడిచాం. ఇసక మన భీమిలి ఇసకలా కాదు, ముదురు బూడిద రంగులో గులకరాళ్లతో ఉంది. రెండు బీచిల మధ్య పెన్యోన్ దెల్ శాంతో అనే పెద్ద రాతిగుట్ట, దాని నెత్తిన శిలువ. కిందనే కత్తి పట్టుకుని నిలబడ్డ అరబ్బు యువకుడి విగ్రహం. అతను మొదటి అబ్ద్ అల్ రహ్మాన్. 750లో, డమాస్కస్ నుంచి ఏలిన ఉమయ్యద్ వంశాన్ని ఊచకోత కోసినప్పుడు తప్పించుకుని, యూఫ్రటీస్ నది ఈది, ఉత్తర ఆఫ్రికా అంతా దాక్కుంటూ తిరిగి, 755లో ఇక్కడ ఒడ్డెక్కాడు. మర్నాటి ఏటికి కోర్దోబాలో రాజ్యం నిలబెట్టాడు. ఈది వచ్చేటప్పుడు వెనకబడిన తమ్ముణ్ని అతని కళ్లెదుటే చంపేశారని చెప్తే నాన్న విగ్రహం దగ్గరే ఆగిపోయాడు. "ఎంత వయసుంటాది అప్పటికి?" అన్నాడు. ఇరవై ఏళ్ల కుర్రాడని చెప్పాను.

రెండో రోజు

పొద్దున్న టిఫిను దగ్గరే నాన్నకి ఉషారొచ్చింది. పక్క బల్ల మీద ఒకావిడ "నరాంహా" రసం అడిగింది. "నారింజేనేటి?" అన్నాడు. నారింజే. సంస్కృతంలో నారంగ, పారశీకుల నోట నారంగ్, అరబ్బుల నోట నారంజ్, స్పానిష్‌లో నరాంహా. నోరు మారినప్పుడల్లా కొంచెం కొంచెం అరిగినా మాట మాత్రం నిలబడింది. చక్కెరకి వీళ్లనే అసూకర్ కూడా మన శర్కరే. వంకాయకి వీళ్లు బెరెన్‌హేనా అంటారు, దాని వేరూ మన దగ్గరే. రోజంతా నాన్న ఈ మాటల్నే నోట్లో తిప్పుకుంటూ నడిచాడు.

పాత ఊరు తెల్లటి ఇళ్లతో ఒక గుట్ట చుట్టూ అల్లుకుని ఉంటుంది. సందులు ఎంత ఇరుకంటే రెండు చేతులూ చాపితే రెండు గోడలూ అందుతాయి. నెత్తిన శాన్ మిగేల్ కోట. పునాదులు రోమన్లవి, గోడలు అరబ్బులవి. గ్రనాదా సుల్తానులు విడిదికి వాడుకున్నారు. 1489లో క్రైస్తవ రాజులకి లొంగిపోయింది. 1812లో లోపల ఫ్రెంచి సైన్యం దిగి ఉంటే ఇంగ్లీషు ఓడలు సముద్రం మీంచి ఫిరంగులు పేల్చి పడగొట్టాయి. ఆ తర్వాత ఆ శిథిలాల్లోనే ఊరివాళ్లు తమ చనిపోయినవాళ్లని పూడ్చుకున్నారు. 1980ల దాకా ఇదే శ్మశానమంటే నమ్మబుద్ధి కాలేదు. పైనుంచి చూస్తే రెండు బీచిలు, వెనక లోయలు, లోయల నిండా పచ్చదనం. నాన్న కోట చూసినంతసేపూ ఆ లోయల వైపే చూశాడు.

మ్యూజియం రోమన్లు కట్టిన నేలమాళిగలో ఉంది. అందులో దోసిట్లో పట్టేంత రాతి పాత్ర ఒకటి, దాని మీద ఈజిప్టు చిత్రలిపిలో అపోఫిస్ అనే ఫారో పేరు. క్రీస్తు పూర్వం 16వ శతాబ్దం నాటిది. స్పెయిన్ నేలలో దొరికిన అతి పాత రాతల్లో అదొకటి. ఫినీషియన్ వర్తకులు ఈ ఊరు పెట్టినప్పుడు ఇలాంటివి ఓడల్లో తెచ్చుకున్నారు. అప్పట్లో ఊరి పేరు సెక్సీ, ఊరివాళ్లు నేటికీ తమని సెక్సితానోలనే పిలుచుకుంటారు.

నాన్నకి నచ్చింది మాత్రం కోట కింద ఎల్ మహువేలో తోటలో ఉన్న తొట్లు. ఖర్జూర చెట్ల నడుమ నేలలోకి తవ్వి, సున్నం, ఇటుక పొడి కలిపి పూత పూసిన చదరపు గుంతలు. రెండు వేల ఏళ్లు దాటినా గోడలు నిలబడే ఉన్నాయి. చేపని కోసి, ఉప్పు పొర, చేప పొర వేసి ఇందులో ఊరబెట్టేవారు. పేగులూ తలలూ ఎండలో పులిసి గారుం అనే పులుసు అయ్యేది. జాడీలకెత్తి రోమ్ దాకా పంపేవారు. ఈ ఊరి ఉప్పుచేప గురించి పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో కూడా రాశాడు. నాన్న గుంత అంచున గొంతుక్కూర్చుని లోతుని చేత్తో కొలిచాడు. "మూల చూడు. గుండ్రంగా మెత్తారు. మడ్డి పట్టకుండా కడగొచ్చు. ఇది తెలిసినోడు కట్టినాడు" అన్నాడు. మా పూడిమడక రేవులో ఉప్పుచేప ఎండబెట్టే వాసన గురించీ, పప్పుచారులోకి అమ్మ వేయించే ముక్క గురించీ ఇద్దరం మాట్లాడుకుంటూ గుట్ట దిగాం.

రాత్రి ఒక చిన్న బారులో కూర్చున్నాం. ఇక్కడ తాగడానికి ఏదడిగినా దానితో పాటు తినడానికో చిన్న పళ్లెం ఉచితంగా పెడతారు. ఆ పళ్లెం చూసి ఇద్దరం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం. వంకాయ చక్రాలు పలచగా తరిగి, పిండి అద్ది, కరకరలాడేలా వేయించి, పైన నల్లటి పాకం తీగలా పోశారు. దాన్ని మియెల్ దె కాన్యా అంటారు, చెరకు తేనె అని అర్థం. నాన్న ముందు వేలితో పాకం ముట్టుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. "ముదురు పాకం. కొంచెం మాడింది. మనం ఇంత దాకా రానివ్వం, దించేస్తాం" అన్నాడు. తర్వాత పళ్లెం ఖాళీ చేశాడు. వంకాయా మనదే, చెరకూ మనదే. ఈ రెంటినీ ఇలా కలపాలని మా ఇళ్లలో ఎవరికీ తోచలేదు. వంకాయ పులుసులో బెల్లం వేసే అమ్మకి ఫొటో తీసి పంపాను.

మూడో రోజు

రియో వెర్దే లోయలోకి వెళ్లాం. టాక్సీ హేతే అనే పల్లె దాకా వెళ్లి దింపింది. అక్కణ్నుంచి నాన్న నడిపించినట్టు నడిచాను, ఆయన తోటలోకి దిగితే నేనూ దిగాను.

చెట్టు చూడగానే నాకే తెలిసిపోయింది. ఆకు కొంచెం పెద్దది, అంతే. కాయ ఆకుపచ్చగా, గుప్పెటకి మించి, మీద వేలిముద్రలు నొక్కినట్టు గుంటలు. చిరిమోయా. మన సీతాఫలానికి దగ్గరి చుట్టం. రెండూ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కినవే, ఒకటి పోర్చుగీసుల వెంట మన గట్ల మీదికొచ్చిందంటారు, రెండోది ఈ లోయకి చేరింది. ప్రపంచంలో చిరిమోయా ఎక్కువగా పండించేది ఇప్పుడు స్పెయినే, అందులోనూ ఈ తీరమే. పేరున్న రకానికి ఈ పల్లె పేరే పెట్టారు, ఫీనో దె హేతే అని.

ఒక పెద్దాయన గట్టు మీద పెట్టెలు సర్దుతున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. నా ఫోన్లో అనువాదం పెట్టుకుని పలకరించాను. మా నాన్నది కూడా వ్యవసాయమే అని చెప్పగానే ఆయన నన్ను వదిలేసి నాన్న చేతుల వైపు చూశాడు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ ఫోను అంతగా అవసరం పడలేదు.

ఈ పంట కష్టం ఆయన చెప్తే గానీ తెలీలేదు. చిరిమోయా పువ్వు ముందు ఆడపువ్వుగా విచ్చుకుంటుంది, మర్నాడు సాయంత్రానికి మగపువ్వుగా మారి పుప్పొడి రాలుస్తుంది. అంటే ఒకే పువ్వు తనంతట తాను కాయ కట్టదు. పుట్టిన దేశంలో ఆ పని చేసే పురుగులు ఉన్నాయి, ఇక్కడ సరిపడా లేవు. కాబట్టి వేసవిలో పూత కాలమంతా మనుషులే సాయంత్రం మగపూల పొడి దులిపి డబ్బాలో దాచి, ఆడపువ్వు విచ్చుకునే వేళకి కుంచెతోనో, రబ్బరు బుడ్డి నొక్కి ఊదో ఒక్కో పువ్వుకీ అందించాలి. ఆయన జేబులోంచి కుంచె తీశాడు. మన బొట్టు పెట్టుకునే పుల్ల కన్నా కొంచెం పెద్దది, వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయి. రెండు వేళ్లతో రేకుల్ని విప్పినట్టు చేసి, లోపల కుంచెని మెల్లగా తిప్పి చూపించాడు. గాల్లోనే, పువ్వు లేకుండానే. నాన్న ఆయన వేళ్లని కన్నార్పకుండా చూసి, అదే ఆట తనూ చేసి చూపించాడు. ఆయన తలూపాడు.

పండొకటి పగలగొట్టి ఇచ్చాడు. సీతాఫలంలా తొనలు విడిపోవు. గుజ్జంతా ఒకే ముద్ద, వెన్నలాగ. గింజలు మనవాటికన్నా తక్కువ, కొంచెం పెద్దవి. తీపి వెనక సన్నటి పులుపు. "రుచి బాగుంది గానీ సీతాఫలంలో ఉన్న ఇసక లేదు" అన్నాడు నాన్న. ఆ ఇసక పలుకు ఆయనకి ఇష్టం.

లోయ పక్కనే రోమన్లు కట్టిన నీటివంతెన కమాన్లు పొలాల మధ్య నిలబడి ఉన్నాయి. క్రీస్తు శకం 1వ శతాబ్దం నాటివి. కొండల్లోని ఊట నీటిని సుమారు 7 కిలోమీటర్లు నడిపించి ఊరికీ, ఆ చేపల తొట్లకీ తెచ్చేవి. కొన్ని చోట్ల ఈ మధ్య కాలం దాకా పొలాలకి నీళ్లు పారాయి. తర్వాత అరబ్బులు కాలవలు తవ్వారు. వాళ్ల మాట అసేకియా ఇప్పటికీ రైతుల నోట్లో ఉంది. ఇప్పుడైతే ప్రతి చెట్టు మొదట్లో నల్లటి డ్రిప్ పైపులే.

నీళ్లెలా ఉన్నాయని నాన్న అడగమన్నాడు. పెద్దాయన మొహం మారిపోయింది. వానలు తగ్గినప్పుడల్లా సముద్రపు ఉప్పు నేల కిందనుంచి బావుల్లోకి ఎక్కుతోంది. ఉప్పు తగిలితే ముందు అవకాడో ఆకు అంచులు మాడతాయి, ఆ తర్వాత చెట్టే పోతుంది. తూర్పున గ్వాదల్‌ఫేఓ నది మీద రూల్స్ అనే ఆనకట్ట ఉంది. కట్టి 20 ఏళ్లు దాటింది. అందులోంచి పొలాలకి నీళ్లు తెచ్చే గొట్టాలు మాత్రం పూర్తి కాలేదు. నేను తెలుగులోకి మార్చి చెప్పేసరికి నాన్న, "డేము కట్టీసి కాలవ తవ్వలేదన్నమాట" అన్నాడు. ఆ మాట తిరిగి స్పానిష్‌లోకి మారి ఫోన్లోంచి వినబడగానే పెద్దాయన నాన్న భుజం మీద చెయ్యేశాడు. మా వైపు వంశధార నుంచి శారద దాకా ఏ నది గట్టున నిలబడ్డా వినబడే మాటే అది. ఇంత దూరంలో, ఇంత పచ్చటి లోయలో, అదే దిగులు అదే మాటల్లో వింటానని నేను అనుకోలేదు.

నాలుగు పళ్లు సంచిలో వేసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

నాలుగో రోజు

ఈ రోజు కోసమే వచ్చాం. పొద్దున్నే బస్సులో మోత్రిల్ వెళ్లాం. అక్కడ పాత చెరకు మిల్లు అవశేషాల్ని తవ్వి తీసి, వాటి మీదే మ్యూజియం పెట్టారు.

చెరకు మన దేశంలో పుట్టి పెరిగిన సాగు కాకపోయినా, గడ కొట్టి రసం తీసి కాచి పలుకులుగా చేసే విద్య మన దగ్గరే పండింది. పారశీకులు నేర్చుకున్నారు, వాళ్ల నుంచి అరబ్బులు. 10వ శతాబ్దం నాటికే ఈ తీరంలో చెరకు తోటలున్నాయి. తర్వాత స్పెయిన్ వాళ్లూ పోర్చుగీసులూ అట్లాంటిక్ దీవుల్లో నాటారు. 1493లో కొలంబస్ తన రెండో ప్రయాణంలో కనేరీ దీవుల నుంచి చెరకు గడల్ని అమెరికాకి పట్టుకెళ్లాడు. దాని వెనకాలే ఆఫ్రికా మనుషుల్ని గొలుసులేసి తోలారు. ఇంత తీపి వెనక అంత పాపం ఉందని నాన్నకి తెలీదు. చెప్పాక ఒక మట్టి శంకువు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

ఆ శంకువుల గురించి చెప్పాలి. కాచిన పాకాన్ని అడుగున చిల్లున్న మట్టి శంకువుల్లో పోసి వారాల తరబడి నిలబెడితే, మడ్డి బొట్టు బొట్టుగా కారిపోయి, లోపల చక్కెర దిమ్మ మిగిలేది. నాన్నకి ఇది కొత్త. మనం మడ్డితో సహా గడ్డ కట్టిస్తాం కాబట్టి బెల్లం అంటాం, వీళ్లు మడ్డిని వదిలించుకున్నారు కాబట్టి చక్కెర అన్నారు. మిగతాదంతా ఆయనకి తెలిసిందే. గానుగ, పెనాల వరస, నురగ తీసే గరిటె. బొమ్మలో పొయ్యి చూసి, "పిప్పి ఎండబెట్టి మంటెయ్యలేదేటి?" అని అడిగాడు. ఇక్కడి మిల్లులు శతాబ్దాల పాటు కట్టెలే తగలబెట్టాయి. చుట్టూ కొండల మీద ఉన్న అడవి చాలామటుకు ఈ పొయ్యిల్లోకే పోయింది. కిటికీలోంచి కనిపిస్తున్న బోడి కొండల్ని నాన్న తలెత్తి చూశాడు.

చెరకు కోతని ఇక్కడ మోందా అనేవారు. ఊళ్లకి ఊళ్లు పొలాల్లో దిగేవి. గొడ్డళ్లతో కొట్టి, కంచర గాడిదల మీద మోసేవారు. ఆవిరి యంత్రాలతో పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. తర్వాత బీట్‌రూట్ నుంచి తీసే చక్కెర చవగ్గా వచ్చింది, బయటి దేశాల చక్కెర వచ్చింది, పొలాల్లో హోటళ్లూ ఇళ్లూ లేచాయి, అవకాడోకి ధర పలికింది. ఈ తీరంలో ఆఖరి చెరకు ఫ్యాక్టరీ పక్కనే సలోబ్రేన్యాలో, లా కలేతా అనే చోట ఉంది. అది 2006లో ఆగింది. ఐరోపా ఖండంలో చెరకు చక్కెర అక్కడితో అయిపోయింది. వెయ్యేళ్ల పంట.

మధ్యాహ్నం సలోబ్రేన్యాలో దిగాం. నేల మీంచి హఠాత్తుగా లేచిన రాతిగుట్ట, దాని నిండా తెల్లటి ఇళ్లు, పైన కోట. గ్రనాదా సుల్తానులు తమ వంశంలోనే పడనివాళ్లని అందులో బంధించేవారట. మేం పైకెక్కలేదు. కింద ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న బయలు, వేగా అంటారు దాన్ని, అందులోకి నడిచాం. ఒకప్పుడు ఇదంతా చెరకే. ఇప్పుడు అవకాడో, కూరగాయలు, కొన్ని చోట్ల ఊరికే వదిలేసిన గడ్డి. దూరంగా లా కలేతా వైపు ఫ్యాక్టరీ పొగగొట్టం. పొగ లేదు.

కాలవ గట్టున ముందు నడుస్తున్న నాన్న ఆగిపోయాడు. కంచె మూలన ఒకే ఒక్క దుబ్బు. నేనింక ఏమీ అనకుండా ఆయన ఏమంటాడా అని చూశాను. దగ్గరికెళ్లి ఎండుటాకు ఒకటి వొలిచాడు. కణుపు చుట్టూ బూడిదలా అంటుకున్న తెల్లటి పొడిని బొటనవేలితో తుడిచాడు. కింద ఊదా రంగు గడ. కణుపులు లెక్కపెట్టడం మొదలెట్టాడు, పెదాలు కదులుతూ. "పదకొండు" అన్నాడు. "ఎవరూ పెంచలేదు దీన్ని. పాత తోట తాలూకు మోడు. కార్శి మీద కార్శి, కోసిన మొదట్నుంచే దానంతటది లేస్తున్నాది."

పక్క తోటలో పనిచేస్తున్న ఒకాయన మమ్మల్ని చూసి, విరుచుకోమని చేత్తో సైగ చేశాడు. నాన్న ఒక్క గడే విరిచాడు, అదీ పక్కకి వాలినదాన్ని. పళ్లతో చెక్కు లాగి, ముక్క కొరికి, నమిలి, కళ్లు మూసుకున్నాడు. నాకూ ఒక ముక్క ఇచ్చాడు. చప్పగా, పచ్చి వాసనగా ఉంది.

"ఇంకా ముదరలేదు" అన్నాడు. "ఇక్కడ చలికాలం అయ్యాక గానీ తీపి దిగదు. అందుకే వీళ్లు కోత వసంతంలో పెట్టుకున్నారు. మనకైతే ఈపాటికి గానుగ ఆడిపోను."

ఐదో రోజు

రాత్రి వాన పడింది. పొద్దున్న బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉండగా నాన్న ఫోన్ చేసి చిన్నాన్నతో మాట్లాడుతున్నాడు. ముందు వాతావరణం, తర్వాత గేదె, తర్వాత సరుగుడు ఎప్పుడు కొట్టించాలన్నది. నేను సామాను సర్దుకుంటూ సగం సగం వింటున్నాను.

"సంక్రాంతికి కొట్టించీయ్. కాలవ పక్క పది సెంట్లు మాత్రం మళ్లీ నాటించకు, ఖాళీగా ఉంచు... ఏటికా? అనకాపల్లి వెళ్లినప్పుడు ముచ్చెలు దొరుకుతాయేమో కనుక్కో. నల్ల చెరకు. కొంచెమే."